తిత్తి

మాది యాడికి. అనంతపురం జిల్లాలో తాడిపత్రి పక్కనుండే మండలం. మా సీమ మాటలో 'యాడికి' అంటే 'ఎక్కడికి' అని అర్థం. బస్సులో కండక్టరు "యాడికి?" అంటాడు. "యాడికే" అంటాం. కొత్త కండక్టరైతే కోప్పడతాడు, పాతోడైతే నవ్వుతాడు. ఊరోళ్లకు ఇది నవ్వులాట. మా వాడలో పుట్టినోళ్లకు మాత్రం పుట్టినప్పటి నుంచీ వింటున్న ప్రశ్న. రచ్చకట్ట ముందర నడిచినా "యాడికిరా?" గుడి వీధి మలుపు తిరిగినా "యాడికిరా?" చెప్పులు కుట్టేది మేము. ఆ వీధిలో చెప్పులు చేత పట్టుకొని జవాబు చెప్పేదీ మేమే.

యాడికి అంటే బయటోళ్లకు చేనేత చీరలు తెలుసు. కోనుప్పలపాడు గుహలు తెలుసు. సున్నపురాయి తెలుసు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ కురిసీ కురవని వాన, ఎండిన శనక్కాయ చేలు తెలుసు. మాదిగవాడ తెలియదు. నేను ఆ వాడలో పుట్టినోణ్ణి. ఇప్పుడు బెంగళూరులో కార్ల మెకానిక్కుని. ఒక పెద్ద కారుకు గాలిగొట్టం బిగించిన పని గురించి ఇక్కడ రాస్తున్నాను. దళితుల బతుకు పుస్తకంలో కారు సంగతేందని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. ఆ కారు దాకా పోవాలంటే మా నాయిన కుట్టిన తిత్తి కాడ నుంచి మొదలుపెట్టాల.

మా నాయిన ఆరె, రంపె పట్టిన మనిషి. ఊరి సేద్యమంతా ఆయన కుట్టిన తోలు మీద నడిచింది. కపిల బావికి తోలు బాన, దాని అడుగున తోలు తొండం, ఎద్దులకు పట్టెడలు, కాడికి వార్లు. బోర్లు, కరెంటు మోటార్లు వచ్చి కపిలలు ఆగిపోయినాక ఆయనకు మిగిలిన పెద్ద పని కమ్మరి కొలిమికి తిత్తి కుట్టడం.

తిత్తి చూడని పిల్లలకు చెప్తాను. తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క నీళ్లలో ఊరేసి, మెత్తగా పదును చేసి కుడతారు. లోపల ఒక తోలు నాలుక ఉంటుంది. తిత్తిని పైకి లేపితే నాలుక తెరుచుకొని గాలి లోపలికి వస్తుంది. కిందికి నొక్కితే నాలుక మూసుకుంటుంది, గాలి గొట్టంలో నుంచి నిప్పుల మీదికి పోతుంది. ఒక దారిన రావాల, ఇంకో దారిన పోవాల, నడుమ ఎక్కడా కారకూడదు. శాస్త్రమంతా అంతే. కుట్టు అయినాక మా నాయిన తిత్తిని మెల్లగా నొక్కుతా, కుట్టు పొడుగునా చెంప ఆనించి చూసేవాడు. "చేతికి తెలీదురా, చేతికి కాయలు కాసింటాయి. చెంపకు తెలుస్తాది" అనేవాడు. గాలి ఎక్కడ జారిపోతా ఉందో పట్టుకునే విద్య నాకు ఐటీఐలో రాలేదు. మా ఇంటి వసారాలో వచ్చింది.

తిత్తి పూర్తయినాక నాయిన దాన్ని భుజాన వేసుకొని కమ్మరి కొలిమి కాడికి పోయేవాడు. చూరు బయట నిలబడేవాడు. తిత్తిని కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగితే, కమ్మరాయన దాని మీద నీళ్లు చల్లి లోపలికి తీసుకుపోయేవాడు. ఆ తిత్తి కొలిమి పక్కన కూర్చొని ఊరికంతా కర్రులు కాల్చింది, కొడవళ్లు కాల్చింది. కుట్టినోడు మాత్రం చూరు కిందికి రాకూడదు. తోలుకు మైల పోతుంది, చేతికి పోదు. ఈ లెక్క ఎట్లా వేసినారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఊరోళ్లు మా వాడ పక్కకు వచ్చేటప్పుడు లంద వాసనకు ముక్కుకు తుండుగుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్లు. వాడ ఎక్కడ ఉండాలో కూడా గాలిని చూసే పెట్టినారని మా అవ్వ అంటా ఉండె. మా మీద నుంచి వీచిన గాలి ఊరి మీదికి పోకూడదంట. ఊరి మీది గాలి, దుమ్ము మా మీదికి వస్తే పర్వాలేదంట. ఆషాఢం గాలికి మా కొట్టాల్లో సంగటి ముద్ద మీద మన్ను పడేది. ముద్ద మీద చెయ్యి అడ్డం పెట్టుకొని తినేవాళ్లం.

1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ వేలమందితో నడిచి చవదార్ చెరువు నీళ్లు తాగినాడు. నీళ్లకు కంచె వేసినోళ్ల మీద అది మన పోరాటం. బావికి కంచె వేస్తారు, దారికి వేస్తారు, గుడికి వేస్తారు. గాలికి ఎవడేస్తాడు, అందరూ పీల్చేది ఒకటే గాలి కదా అంటారు. పాఠాల్లో కూడా అట్లే రాస్తారు. ముప్పై ఏళ్లుగా ఇంజిన్లకు గాలి పెట్టే పని చేస్తున్నోణ్ణి నేను. గాలికీ కంచె ఉంది. అది ఎక్కడుందో చెప్పడానికే ఇదంతా.

ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి 1992లో తాడిపత్రిలో ఒక లారీ షెడ్డులో చేరినాను. నాపరాయి లారీలు, సిమెంటు లారీలు, శనక్కాయ మూటల లారీలు. షెడ్డులో పని పంచేటప్పుడు ఒక పని అడక్కుండానే నాకు వచ్చేది. ఎయిర్ క్లీనర్ కడగడం. పాత లారీలకు, ట్రాక్టర్లకు ఆయిల్ బాత్ క్లీనర్ ఉండేది. కింద ఒక గిన్నెలో నూనె, పైన ఇనుప జాలి. లోపలికి వచ్చే గాలి నూనెకు కొట్టుకొని మళ్లుతుంది, దుమ్ము నూనెలో దిగిపోతుంది, మిగిలింది జాలికి అంటుకుంటుంది. మా దిక్కు దుమ్ముకు ఆ నూనె నాలుగు రోజులకే నల్లటి బురదయ్యేది. ఆ బురద ఎత్తడం, డీజిల్‌తో జాలి కడగడం ఎవరికీ ఇష్టముండదు. ఊర్లో మురికి పని ఎవరిదో షెడ్డులోనూ వాళ్లదే. టీ కొట్లో నా గ్లాసు వేరు. షెడ్డులో నా పని వేరు.

అయితే ఆ బురదలో నాకు ఒక చదువు దొరికింది. దుమ్ము తాగిన ఇంజిన్ ఎట్లా చస్తుందో అందరికన్నా ముందు చూసినోణ్ణి నేనే. మట్టి రేణువు పిస్టన్ రింగుకు, బోరుకు నడుమ పడితే ఆకురాయి మాదిరి అరగదీస్తుంది. ముందు ఇంజిన్ ఆయిలు తాగుతుంది. తర్వాత నీలం పొగ వదులుతుంది. తర్వాత ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంది. హెడ్డు దించి బోరులో వేలు పెడితే పైన గట్టు తగులుతుంది. ఆ గట్టు ఎంతుంటే ఇంజిన్ అంత దుమ్ము మింగినట్టు. డీజిల్ కట్టేసినా ఆగకుండా పిచ్చిపట్టినట్టు తిరిగే ఇంజిన్‌ను ఆపాలంటే గాలి దారికి చెక్కపలక అడ్డం పెట్టేవాళ్లం. ఎంత పెద్ద ఇంజిన్ అయినా ఊపిరాడకపోతే ఆగిపోవాల్సిందే.

1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. మా వాడలో చదువుకున్న పిల్లలు పేరు చివర మాదిగ అని రాసుకున్నారు. అంతవరకు తిట్టుగా విన్న మాటను పేరుగా పెట్టుకున్నారు. నాకు లెటర్‌హెడ్డు లేదు, విజిటింగ్ కార్డు లేదు. నా పానాల పెట్టె మూత మీద ఎర్ర పెయింటుతో నా పేరు రాసి, పక్కన మాదిగ అని రాసుకున్నాను. షెడ్డులో రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు. మూడో రోజు లారీ వచ్చింది, దానికి దుమ్ము పట్టింది, మళ్లీ నన్నే పిలిచినారు.

1998లో రాయలచెరువు స్టేషన్లో రైలెక్కి గుత్తి పోయి, అక్కడి నుంచి బెంగళూరు బండెక్కినాను. కరువు ఏడాది మా జిల్లా సగం ఎక్కేది ఆ బండే. లారీల నుంచి కార్లకు, డీజిల్ నుంచి పెట్రోలుకు మారినాను. పానాల పెట్టె మాత్రం మార్చలేదు.

ఇక కారు సంగతి. ఫోర్డ్ మస్టాంగ్ అనే కారు ఇండియాలో 2016లో అమ్మకానికి వచ్చింది. అయిదు లీటర్ల ఇంజిన్, ఎనిమిది సిలిండర్లు. మరుసటి ఏడాది అట్లాంటి కారొకటి మా గ్యారేజీకి వచ్చింది. కంపెనీ ఇచ్చిన గాలి డబ్బా తీసేసి, అమెరికా నుంచి తెప్పించుకున్న గాలిగొట్టం, దానికి గంప మాదిరి పెద్ద ఫిల్టర్ బిగించాల. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అంటారు. సామాను ఖర్చే నలభై వేలు దాటిందని ఓనరు చెప్పినాడు.

ఇది ఎందుకు పెట్టుకుంటారో కూడా చెప్పాల. ఇంజిన్ తినేది పెట్రోలని అందరూ అనుకుంటారు. ఒక కిలో పెట్రోలు కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాల. అంటే ఒక లీటరు పెట్రోలుకు తొమ్మిది వేల లీటర్ల గాలి. ఇంజిన్ అసలు తిండి గాలే. చల్లగాలి చిక్కగా ఉంటుంది, వేడిగాలి పల్చబడుతుంది. గాలి పది డిగ్రీలు చల్లబడితే మూడు శాతం చిక్కబడుతుంది. బెంగళూరు సముద్రానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ గాలే పది శాతం దాకా పల్చన. అందుకే ఇంజిన్ వేడి తగలని మూల నుంచి, వంకరలు తక్కువుండే వెడల్పు గొట్టంతో గాలి తెస్తే బలం పెరుగుతుందని లెక్క. అట్టపెట్టె మీద పది, పదిహేను గుర్రాల బలం అని రాస్తారు. నా అనుభవంలో రోడ్డు మీద ఎక్కువ పెరిగేది శబ్దమే. కంపెనీ డబ్బాలో ఆ గుర్రును మింగేసే అరలు ఉంటాయి. అవి పోతే ఇంజిన్ పీల్చే చప్పుడు లోపల కూర్చున్నోడి చెవికి చేరుతుంది. ఆ చప్పుడు కోసమే డబ్బు పెడతారు.

ఆ కారాయన ముప్పై ఏళ్లు దాటినోడు. నా మాట విని "మీది మన సీమేనా అన్నా? ఏ ఊరు?" అన్నాడు.

"యాడికి సార్."

పకపక నవ్వినాడు. "మాది తాడిపత్రి దిక్కే అన్నా. పాలిష్ ఫ్యాక్టరీలుండాయి. వారానికోసారి పోయొస్తుంటా, ఈ బండిలోనే."

అన్నా, అన్నా అని రెండు మాటలు మంచిగా మాట్లాడినాడు. నేను పెట్టె తెచ్చి కారు పక్కన పెట్టినాను. అతను మూత మీద చదివినాడు. చదివినట్టు నాకు తెలిసింది. తర్వాత ఓనరు దిక్కు తిరిగి "సీటు మీద కవర్ వేయించండి" అన్నాడు. సీటు కవరు వేయడం మా గ్యారేజీలో పద్ధతే. వేసే పిల్లోడు వస్తానే ఉన్నాడు. కానీ అంతకుముందు నేనే ఆ కారును లోపలికి తోలుకొచ్చి పెట్టినాను, అప్పుడు అతనికి కవరు గుర్తుకు రాలేదు. ఆ తర్వాత పని అయ్యేదాకా అన్నా అనే మాట వినపడలేదు. "నువ్వు", "ఇట్రా", "అది చూడు". 1992లో గ్లాసు వేరుగా ఉండేది. 2017లో ఒక్క పిలుపు తీసేస్తే చాలు. మీరు దీన్ని రుజువు చేయమంటే నేను ఏ కోర్టులో చేయగలను?

పని మొదలుపెట్టినాను. ముందు బ్యాటరీ నెగటివ్ తీసినాను. గాలిని కొలిచే సెన్సరుకు వచ్చే ప్లగ్గు ఊడదీసినాను. గొట్టానికి రెండు కొసలా క్లాంపులు వదులు చేసి, పక్కనుండే చిన్న హోసు విప్పి, డబ్బాను రబ్బరు బుడిపెల మీద నుంచి పైకి లాగినాను. మూత తెరిచినాను. లోపల కాగితం ఫిల్టర్. దాని మడతల్లో తెల్లటి పొడి, పిండి మాదిరి, ఒక్కో మడతలో వేలు మందాన.

బెంగళూరు దుమ్ము నల్లగా జిడ్డుగా ఉంటుంది. మా ఊరి చేల దుమ్ముకు మట్టి రంగుంటుంది. ఈ తెలుపు నాకు ఇంకో చోట తెలుసు. మా బావ కనుబొమల మీద.

మా అక్క మొగుడు పదకొండేళ్లు రాయి పనిలో ఉన్నాడు. తాడిపత్రి చుట్టూ నాపరాయి, గ్రానైట్ కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. బావ మూడింట్లో చేసినాడు. ఈ కారాయన ఫ్యాక్టరీ ఆ మూడింట్లో ఒకటేమో నాకు తెలియదు, అడగలేదు. పెద్ద రంపం మీద నీళ్లు పడతా ఉంటాయి కాబట్టి అక్కడ దుమ్ము తక్కువ. బావది అంచులు కోసే పని, చేతి మిషనుతో, నీళ్లు లేకుండా. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమలు, రెప్పలు, ముక్కు వెంట్రుకలు తెల్లగా ఉండేవి. మా అక్క కూతురు "నాయిన ముసలోడై వచ్చినాడు" అని నవ్వేది.

ముందు మెట్టు ఎక్కితే ఆయాసం. తర్వాత దగ్గు. తర్వాత ఒళ్లు సగమైపోయింది. ఆస్పత్రిలో టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మింగినాడు. తగ్గలేదు. మళ్లీ టీబీ అన్నారు, మళ్లీ మందులు. ఏం పని చేస్తావని అడిగినోళ్లు లేరు. అడిగినా "కూలి" అని ఒక మాట రాసుకున్నారు. కూలి అనే మాటలో రాయి లేదు, మిషను లేదు, దుమ్ము లేదు. కారు వచ్చిన రోజుకు బావ మా అక్క ఇంట్లో గోడకు ఆనుకొని కూర్చొని నిద్రపోతా ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు.

నేను ఆ ఫిల్టర్‌ను చేతిలో పట్టుకొని ఉండగా కారాయన దగ్గరకొచ్చినాడు. చూసి నవ్వినాడు. "ఫ్యాక్టరీ దుమ్మే అది" అన్నాడు. మరుక్షణం మొహం మారింది. కొత్త ఫిల్టర్‌ను చూపించి "ఇదైతే దుమ్ము లోపలికి పోదు కదా?" అన్నాడు.

ఉన్నదున్నట్టు చెప్పినాను. కొత్తది నూనె పట్టించిన నూలుబట్ట ఫిల్టర్. అమెరికాలో కాలిఫోర్నియాలో 1969లో మొదలైన కే అండ్ ఎన్ లాంటి కంపెనీలు ఈ రకాన్ని లోకమంతా అమ్మినాయి. గాలి ధారాళంగా వదులుతుంది. అయితే సన్నటి దుమ్ముకు మంచి కాగితం ఫిల్టరే గట్టి కాపలా. పాలిష్ ఫ్యాక్టరీల దారిలో తిరిగే బండికి పాతదే మేలు. ఇదే కావాలంటే తొందర తొందరగా కడిగి, ఆరబెట్టి, సరిపడా నూనె పట్టించాల. నూనె ఎక్కువైతే సెన్సరులో వెంట్రుకంత తీగకు అంటుకొని గాలి లెక్క తప్పుతుంది. ఇంకో సంగతి, కంపెనీ వారంటీకి ఇబ్బంది రావచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్లో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు.

వారంటీ సంగతి అతను వినలేదు. చట్టం సంగతి అసలే వినలేదు. దుమ్ము సంగతి మాత్రం అయిదుసార్లు అడిగినాడు. "ఎంత సన్నం దుమ్ము పోతుంది?" "ఎన్ని నెలలకు ఇంజిన్ పాడవుతుంది?" "ముందే తెలుసుకునే మార్గముందా?" "పైన ఇంకో తొడుగు వేస్తే?" ఒక్కటి కూడా తెలివితక్కువ ప్రశ్న కాదు. ఊపిరి పీల్చే ప్రాణం గురించి అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగినాడు. ఫ్యాక్టరీ ఓనరుకు దుమ్ము ఏం చేస్తుందో తెలియదని ఎవరన్నా అంటే నేను నమ్మను. తెలుసు. నా ముందే అడిగినాడు.

అప్పుడు నేనొకటి అడిగినాను. "సార్, మీ ఫ్యాక్టరీలో అంచులు కోసేటోళ్లకు ఏం ఫిల్టర్ పెట్టినారు?"

అర్థం కాలేదు. మళ్లీ అడిగినాను.

"టవల్ కట్టుకుంటార్లే" అన్నాడు. ఫోన్ మోగింది, మాట్లాడుకుంటా బయటికి పోయినాడు.

నేను పని పూర్తి చేసినాను. వేడి తగలకుండా రేకు అడ్డం బిగించినాను. గొట్టం ఎక్కించినాను. నల్లటి వంపు గొట్టం, చూస్తే మా నాయిన కుట్టిన కపిల తొండమే. సెన్సరును తీగకు వేలు తగలకుండా పాతదాంట్లో నుంచి కొత్తదాంట్లోకి మార్చినాను. క్లాంపులు ఎంత బిగించాలో అంతే బిగించినాను, ఒక్క చుట్టు ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి కీలు కీలు కాడా చెవి పెట్టి విన్నాను, చెంప ఆనించే మనిషి కొడుకును కదా. గాలి దొంగతనంగా ఎక్కడా దూరడం లేదు. కవరు వేసిన సీట్లో కూర్చొని పది కిలోమీటర్లు తోలి తెచ్చినాను. నా పనిలో కులం లేదు. ఇంజిన్ ఎవరిదైనా దానికి మంచి గాలే పెడతాను. నేను అడుగుతున్నది మిగతావాళ్లు తమ పని గురించి ఆ మాట అనగలరా అని.

లెక్క చెప్తాను, విద్యార్థులు రాసుకోండి. ఆ అయిదు లీటర్ల ఇంజిన్ నిమిషానికి 6,500 చుట్లు తిరిగితే పదహారు వేల లీటర్ల గాలి పీలుస్తుంది. బరువు పని చేసే మనిషి నిమిషానికి ముప్పై, ముప్పై అయిదు లీటర్లు పీలుస్తాడనుకుంటే, ఎనిమిది గంటల షిఫ్టుకు ఇంచుమించు అంతే. ఆ కారు ఒక్క నిమిషంలో తాగే గాలిని మా బావ ఒక షిఫ్టంతా తాగినాడు. కారు గాలికి నలభై వేల ఫిల్టర్. బావ గాలికి టవల్.

టవల్ ఎందుకు పనికిరాదో కూడా తెలుసుకోవాల. కనుబొమల మీద తెల్లగా కనిపించే దుమ్ము చంపేది కాదు, అది ముక్కులోనే ఆగిపోతుంది. చంపేది కంటికి కనపడనిది. మనిషి వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. అయిదు మైక్రాన్లకు లోపలుండే రేణువు లోతుకంటా పోతుంది. టవల్ నేత సందుల్లో అది అలవోకగా దూరిపోతుంది. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ సిలికా. ఆ పొడి లోపల పడితే చుట్టూ మచ్చ కట్టి కండ గట్టిపడుతుంది, సాగదు, ముడుచుకోదు. దాని పేరు సిలికోసిస్. మాన్పే మందు లేదు. రాకుండా ఆపడమొకటే దారి. అది ఉన్నోళ్లకు టీబీ కూడా సులభంగా వస్తుంది. ఎక్స్‌రేలో ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడమూ మామూలే.

తెలుగులో ఆ అవయవాన్ని ఊపిరితిత్తి అంటారు. ఎవరు పెట్టినారో ఆ పేరు, మా తోలుపని నుంచే తీసుకున్నారు. తిత్తి కుట్టిన కులానికి, రాళ్లు కొట్టిన కులాలకు వాళ్ల తిత్తి పగిలిపోతే కుట్టేవాడు లేడు.

బావ 2018 ఎండాకాలంలో చనిపోయినాడు. కాగితంలో టీబీ అని ఉంది. పరిహారం అడగడానికి మా అక్క పోతే మస్టర్లో బావ పేరే లేదన్నారు. పదకొండేళ్లు పీల్చిన గాలికి హాజరు లేదు.

చట్టం లేక కాదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టం షెడ్యూల్లో దుమ్ము రోగాలు ఉండేవి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో సిలికోసిస్ కనపడితే డాక్టరు ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల్లో ఒకటిగా ఉండేది. 2019లో రాజస్థాన్ ప్రభుత్వం ఈ జబ్బు వచ్చినోళ్లను గుర్తించి డబ్బు ఇచ్చే విధానం తెచ్చింది. అక్కడి రాయి కూలీలు, సంఘాలు ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు పట్టుకొని తిరిగితే వచ్చిందది.

ఇది ఒక్క రాయి పని సంగతి కాదు. మ్యాన్‌హోల్లో దిగి చచ్చేవాళ్లను చూడండి. అక్కడ చంపేది మురికి కాదు, గాలి లేకపోవడం, గాలి బదులు విషవాయువు ఉండడం. కోలార్ బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా దాని మీదే కొట్లాడినాడు, 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. 2013లో చట్టం వచ్చింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు చనిపోయినోళ్ల కుటుంబానికి పది లక్షలు ఇమ్మంది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. చచ్చినాక ఇచ్చే డబ్బు పెరుగుతా వచ్చింది. దిగేముందు లోపలికి గాలి కొట్టే గొట్టం మాత్రం ఎన్ని ఊర్లలో చూసినారు మీరు? అట్లాంటి గొట్టాలు బిగించే పని చేతకాని దేశం కాదిది. నేనే బిగిస్తాను. కారుకైతే పిలుస్తారు.

మా నాయిన కాలంలో మా గాలి ఊరికి తగలకూడదని కంచె వేసినారు. ఇప్పుడు ఊరి సంపాదనకు లేచిన దుమ్మును మా లోపల పోస్తున్నారు. రెండూ ఒకటే కంచె. ఎవరి ఊపిరికి విలువుందో, ఎవరిదానికి లేదో అది చెప్తుంది.

సెలవులకు ఊర్లకు పోయే పిల్లలకు ఒక పని చెప్తాను. మీ వాడలో దగ్గుతా ఉండేవాళ్ల కాడ కూర్చోండి. ఏ ఫ్యాక్టరీలో, ఏ మిషను మీద, ఎన్నేళ్లు చేసినారో తారీఖులతో ఒక నోటుబుక్కులో రాయండి. పక్కన పనిచేసిన ఇద్దరి చేత సంతకం పెట్టించండి, మస్టర్లో లేని హాజరు అదే. ఆస్పత్రికి తోడు పోండి. చీటీలో 'కూలి' అని రాస్తే ఒప్పుకోకండి, 'రాయి కోత, పొడి మిషను' అని రాసేదాకా అక్కడే నిలబడండి. ఛాతీ ఎక్స్‌రే ఫిల్మును పారేయనీయకండి. ఫ్యాక్టరీ గేటు కాడ మీటింగు పెడితే నీళ్లు పోసే కోత, దుమ్ము లాగే ఫ్యాను, ముక్కుకు సరైన మాస్కు, మస్టర్లో పేరు, ఈ నాలుగూ అడగండి.

బావకు అంచుల కోత నేర్పించి పనిలో పెట్టినాయన ఇంకా మా వాడలోనే ఉన్నాడు. పోయిన సంక్రాంతికి పోతే గోడకు ఆనుకొని కూర్చొని నిద్రపోతా ఉన్నాడు. ఆయన పని చేసిన ఏండ్లు నేను రాసుకొచ్చినాను. పద్నాలుగు.